వెదురు పొదను వంచి పట్టుకున్న రోజు

కాస్త ఇటు జరిగి నా పక్కన కూర్చోండి, కంసావతి నది ఒడ్డుకు వెళ్లొచ్చిన సంగతి చెబుతాను. అరవైల నాటి మాట. మా తమ్ముడు చిన్నారావు సర్వే వాళ్ల దగ్గర ఖలాసీ. ఆ నది లోయకంతా పటం గీస్తున్నారని, గుడారాల్లో ఉంటున్నామని, అక్క చేతి వంట తిని చాలా రోజులైందని కబురు పెట్టాడు. పులిహోర కలిపి క్యారేజీలో సర్దాను. రైల్వే గ్యాంగులో పనిచేసే మా ఆయనా నేనూ ఖరగ్‌పూర్‌లో ఉదయం ఆరింటి మేదినీపూర్ బండి ఎక్కాం. పాసుంది కనక టికెట్టు బాధ లేదు.

రైలు పెట్టెలో ఒక ముసలి బెంగాలీ దాదా పులిహోర వాసన పట్టాడు. "తెలుగు దీదీ, ఇంత పులుపు తిని ఎలా బతుకుతారమ్మా?" అన్నాడు. ఒక ముద్ద పెడితే, రెండో ముద్దకు తనే చెయ్యి చాపాడు.

మేదినీపూర్‌లో చాయ్, మరమరాలు కానిచ్చి బస్సెక్కాం. మీరు వెళ్తే పొద్దుటి బస్సుకే వెళ్లండి, ఎండెక్కితే ఎర్రదుమ్ముతో ఊపిరాడదు. పదింటికి దిగి, పొలం గట్ల మీద నడిచి గుడారాలు చేరాం.

అక్కడ గొడవ జరుగుతోంది. బుట్టలల్లే ఆమె ఒకతె తన వెదురు పొదకు అడ్డంగా నిలబడింది. ఎదురుగా కత్తి పట్టుకున్నది మా తమ్ముడే! వెనక సర్వే బాబు మూడుకాళ్ల బల్ల మీద కాగితం పరిచాడు. అవతలి ఒడ్డున పాతిన జెండా కనబడితేనే నది మలుపు కాగితం మీద సరిగ్గా పడుతుందట. పొద అడ్డు.

"ఇది నరికితే దేంతో అల్లను, పిల్లలకేం పెట్టను?" అని ఆమె బెంగాలీలో ఏడుస్తోంది.

"ఏట్రా ఇది? కత్తి దించు" అన్నాను.

"నానేటి సెయ్యగల్నే అప్పా? బాబు సెప్పినాడు" అన్నాడు తమ్ముడు. మా వైపు అక్కను అప్పా అనే పిలుస్తారు.

మా ఆయన పొద చుట్టూ తిరిగి చూసి, తాళ్లు కట్టి వంచి పట్టుకుంటామని బాబును హిందీలో బతిమాలాడు.

"ఠీక్ హై. కదిలిందంటే మాత్రం నరికించేస్తాను" అన్నాడు బాబు.

గుడారం తాళ్లు వెదురు కొసలకు కట్టారు. పట్టాలు జరిపేటప్పుడు అందరి బలం ఒక్కసారి పడాలని గ్యాంగు వాళ్లు ఒక కేక వేస్తారు. ఆ పూట మా ఆయనకు జలుబుతో గొంతు బొంగురుపోయి కేక లేవలేదు. "ఇంట్లో లెగిసే గొంతే గదేటి, ఇక్కడా లెగనీ" అన్నాడు నాతో. సిగ్గు విడిచి "హైలెస్సా!" అని అరిచాను. "హెయ్యో!" అంది బుట్టలామె. పొద కిర్రుమని వంగింది. సందులోంచి జెండా కనబడింది.

"కదలొద్దు!" అన్నాడు బాబు.

తాడు అరచేతులను కోస్తోంది. ఆమె భుజం నా భుజానికి ఆని వణుకుతోంది. బాబు చూస్తాడు, గీస్తాడు, మళ్లీ చూస్తాడు.

"అప్పా, తుమ్మొస్తంది" అని గొణిగాడు తమ్ముడు.

"తుమ్మినావా, పులిహోర నేదు."

చివరికి "హో గయా" అన్నాడు బాబు. మెల్లగా తాళ్లు వదిలాం. పొద లేచి నిలబడింది. ఆమె ఒక్కో వెదురునూ తడిమి చూసుకుని, మాతోనే భోజనానికి కూర్చుంది. "అవతలి ఒడ్డున కూడా వెదురే ఉంది, కేక వెయ్యడానికి దీదీని ఇక్కడే వదిలి వెళ్తావా?" అని బాబు మా ఆయనను ఆటపట్టించాడు.

తిరుగుబండి వంతెన దాటేసరికి పొద్దు గుంకుతోంది. అరచేతులు ఇంకా మండుతున్నాయి. ఆ పటంలో వెదురు పొద గీశారో లేదో నాకు తెలీదు గానీ, ఒడ్డున మాత్రం అది ఉంది. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి, మీ చేతిపని మీకెప్పుడూ అన్నం పెట్టాలి.