కోడూరులో మల్కూత్

రిటైర్మెంటుకు ఏడాది ముందు, మే నెలలో, బైబిలు అనువాద సవరణ సంఘం నన్ను కోడూరు పంపింది. బందరులో ఒక వేదాంత కళాశాలలో నేను హెబ్రీ భాష చెప్పేవాణ్ణి. చిత్తుప్రతిని పల్లెలో చదివి వినిపించడం, విన్నవాళ్లు దాన్ని సొంత మాటల్లో తిరిగి చెబితే ఉన్నదున్నట్టు రాసుకోవడం నాకిచ్చిన పని. చదివేవాడు ఒక్క మాట కూడా వివరించకూడదు. వివరిస్తే ఆ పరీక్ష చెల్లదు.

ఎస్తేరు గ్రంథం, అయిదో అధ్యాయం. పిలుపు లేకుండా రాజు ముందుకు వెళ్తే మరణశిక్ష అని తెలిసీ రాణి బయల్దేరుతుంది. అప్పుడామె ‘మల్కూత్’ ధరించిందని హెబ్రీ మూలం. మల్కూత్ అంటే రాజరికం, ఏలే అధికారం. బట్టలన్న మాట అక్కడ లేనే లేదు. సంఘంలో మిగతావాళ్లు ‘రాజవస్త్రాలు’ చాలన్నారు. నేను పట్టుబట్టి ‘రాజరికాన్ని ధరించి’ అని రాయించాను. కోడూరులో అర్థం కాకపోతే నా మాట ఎగిరిపోతుంది. అందుకే ఆ మధ్యాహ్నం నాకు ఒకచోట కాలు నిలవలేదు.

చర్చి వరండాలో ఆరుగురు విన్నారు. ఎవరూ ఆ వాక్యాన్ని తిరిగి చెప్పలేకపోయారు. చివరికి దయమ్మ అడిగింది, “రాజరికం ఒంటికెలా వేసుకుంటారండీ మాస్టారూ?” ఆమె మహిళల సీటులో గెలిచిన పంచాయతీ ప్రెసిడెంటు. ఊళ్లో మాత్రం ప్రెసిడెంటు గారంటే ఆమె భర్తే.

పెన్ను కింద పెట్టి అరగంట పాఠం చెప్పేశాను. ముప్పై ఏళ్ల అలవాటు, నోరు ఊరుకోలేదు. అంతా విని దయమ్మ, “ఆ అధికారం ఆవిడదేనా అండీ, రాజుగారు అరువిచ్చిందా?” అంది. ఎవరిదో మూలంలో లేదని, ఆమె వేసుకుందని మాత్రమే ఉందని చెప్పాను.

ఇంతలో ఆమె భర్త బండి ఆపి ఒక కాగితం తెచ్చాడు. మంచినీళ్ల చెరువు పక్కన రొయ్యల చెరువులు తవ్వుకోవడానికి పంచాయతీకి అభ్యంతరం లేదన్న తీర్మానం. సంతకం చోటు మీద వేలు పెట్టి, “ఇక్కడ,” అన్నాడు.

“అక్కడ పెట్టండి. చదువుకుని చెప్తాను,” అంది దయమ్మ.

అతను నా వైపు చూశాడు. నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఆమె వేలితో వరస పట్టుకుని మెల్లగా చదివింది. సంతకం పెట్టలేదు.

‘చదివినవాడు వివరించాడు, పరీక్ష చెల్లదు’ అని నివేదిక రాశాను. అచ్చయిన ప్రతిలో రాజవస్త్రాలే ఉన్నాయి. సంఘం చేసింది సబబే. పక్కన మాస్టారు నిలబడితే గానీ అర్థం కాని మాట అనువాదంలో నిలవదు. మిగిలిన ఏడాదీ క్లాసులో మల్కూత్ వచ్చినప్పుడల్లా నిఘంటువులోని అర్థం చెప్పి, దయమ్మ అడిగిన రెండో ప్రశ్నను బోర్డు మీద రాసేవాణ్ణి. జవాబు మాత్రం రాయలేదు.