సగం కథల ఇంద్రసేన

జహీరాబాద్ బస్టాండులో మైకు పట్టే ఇంద్రసేనకు ఒకటే జబ్బు. కథ మొదలుపెడితే పూర్తి చేయడు. మరిచిపోయి కాదు, చేతకాక అసలే కాదు. వినేవాళ్ల గుండెలు గొంతులోకి వచ్చేదాకా చెప్పి, సరిగ్గా అక్కడ ఆపి, జేబులోంచి గవ్వలు తీసి ఎవరో ఒకరి చేతిలో పెడతాడు. "ఇప్పుడు నువ్వేం చేస్తవు?" అని అడిగి నోటికి తాళం వేసుకుంటాడు.

గొంతేమో నూతిలోంచి వచ్చినట్టుంటుంది. బీదరు బస్సు వస్తోందని మైకులో చెప్పినా, వచ్చేది బస్సు కాదేమోనని బెంచీల మీది తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కునేవాళ్లు.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, అందులో పనిచేసే రామ్‌కిషన్ పెళ్లి చేసుకుని భాగీరథిని ఇంద్రసేన ఉండే వీధికి తెచ్చాడు. రామ్‌కిషన్ మంచివాడే. కాకపోతే భార్యకు శ్రమ ఇవ్వకూడదని ఆమె మాటలు కూడా తానే మాట్లాడేవాడు. దవాఖానలో డాక్టరు ఎక్కడ నొప్పి అని ఆమెను అడిగితే, "కడుపుల" అని అతను చెప్పేవాడు. నొప్పి వీపులో ఉండేది. ఆ మాట చెప్పడానికి భాగీరథికి ధైర్యం చాలక, కడుపు మందే వేసుకుని ఇంటికొచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంద్రసేన భార్య దేవమ్మ అల్లం చాయ్ తాగి పోదువు రమ్మని ఆమెను పిలిచింది. వెళ్లి చూస్తే కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. పట్టపగలు గది చీకటిగా ఉంది. లోపల కొడుకుల పంచన ఉండే తారాబాయి, సేఠు దగ్గర అల్లం ఎండబెట్టే సంగయ్య గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ చెమట.

అక్కడ ఆదివారాలు ఆడే కథల ఆట పద్ధతి దేవమ్మే చెప్పింది. కథలోకి అందరూ వెళ్లాలి. కథలో తామెవరో ఎవరికి వాళ్లే ఎంచుకోవాలి. తలుపు వెనక ఏముందో ఇంద్రసేన చెబుతాడు. తలుపు తెరవాలో వద్దో వాళ్లు చెప్పాలి. చెప్పింది కథలో జరిగి తీరాలి, ఇంద్రసేనకు నచ్చినా నచ్చకపోయినా. గవ్వలు ఎవరి చేతిలో పడితే ఆ పూట మాట వాళ్లది.

చాలాసార్లు నచ్చేది కాదు పాపం. ఒకసారి తిండి మానేసి మరీ ఆలోచించి, బావిలోంచి గోళ్లతో గోడ గీరుతూ పైకెక్కే దయ్యాన్ని తయారుచేశాడు. అది గట్టు మీద చెయ్యి వేసేసరికి సంగయ్య కళ్లు మూసుకున్నాడు. గవ్వలు తారాబాయి చేతిలో పడ్డాయి. ఎన్నేళ్లయిందో తిని, దానికి రొట్టె పెడతానంది ఆమె. ఇంద్రసేన గుటక మింగాడు. "సరే, గట్లనే అయింది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ దయ్యం రొట్టెల మూట నెత్తిన పెట్టుకుని వాళ్ల వెనకే నడిచింది. మరో కథలో మోకాళ్ల దాకా జుట్టున్న రాక్షసిని సంగయ్య అల్లం తిరగేసే పనికి కుదిర్చాడు. ఇంద్రసేన రెండు రోజులు దిగులుపడి, దానికీ ఒప్పుకున్నాడు.

భాగీరథి కథలో దివిటీ పట్టే మనిషిగా చేరింది. దివిటీ పట్టేవాళ్లతో ఎవరూ మాట్లాడరని ఆమె ఆశ. పాడుబడ్డ కోట కింద సొరంగం. నీళ్లు కారే గోడలు. నడిచేకొద్దీ వెనక ఇంకో జత కాళ్లు తడి నేల మీద నడుస్తున్న చప్పుడు. ఆగితే అదీ ఆగుతోంది. చివరికి రాతి తలుపు, దాని సందులోంచి వెచ్చటి ఊపిరి. ఆ ఊపిరి ఇంద్రసేన ఎట్లా వదిలాడో గానీ భాగీరథి మెడ మీద వెంట్రుకలు లేచాయి. అప్పుడు గవ్వలు ఆమె చేతిలో పడ్డాయి.

"ఇప్పుడు నువ్వేం చేస్తవు బిడ్డా?"

"మీరే చెప్పుర్రి కాకా."

అతను చెప్పలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. ఆ ఆదివారం అట్లాగే అయిపోయింది.

తర్వాతి ఆదివారమూ అదే తలుపు, అదే ఊపిరి, అదే జవాబు. కథ నెలల తరబడి కదల్లేదు. నిలబడి నిలబడి కథలో తన మోకాళ్లు పట్టేశాయని తారాబాయి నిజంగానే కొబ్బరినూనె రాసుకోవడం మొదలుపెట్టింది. సంగయ్య సొరంగంలోనే పొయ్యి పెట్టి జొన్నరొట్టె కాల్చుకున్నాడు. ఇంద్రసేన మాత్రం ప్రతి వారం ఊపిరిని కొంచెం దగ్గరికి తెచ్చేవాడు. భాగీరథికి ఇంట్లో గిన్నెలు తోముతుంటే కూడా అది మెడకు తగిలేది. మానేద్దామనుకునేది. ఆదివారం వచ్చేసరికి మళ్లీ వెళ్లేది.

ఒకసారి రామ్‌కిషన్ ఆమె కోసం వచ్చి, సంగతి విని, ఆమె వెనక్కి ఉరుకుతుందని తానే జవాబిచ్చాడు. ఇంద్రసేన తల అడ్డంగా ఊపాడు.

"గవ్వలు నీ చేతుల లేవు నాయనా."

రామ్‌కిషన్ నొచ్చుకుని గడపలో కూర్చున్నాడు. భాగీరథి పిడికిలిలో గవ్వలు తడిసిపోయాయి. అప్పుడు ఎవరికీ వినిపించీ వినిపించనట్టు అంది: "దివిటీ ఆర్పేస్త."

ఇంద్రసేన ఉలిక్కిపడ్డాడు. "ఎందుకు బిడ్డా?"

"లోపల ఉన్నదానికి మనం కనపడొద్దు గద."

చీకటి సొరంగంలో దానితో పాటు తామూ ఉన్నామని అందరికీ ఒకేసారి తెలిసింది. ముందుగా లేచింది ఇంద్రసేనే. కిటికీ దగ్గరికి పరుగెత్తి గోనెపట్టా లాగేశాడు. ఆ తలుపు వెనక ఏముందో తనకూ తెలియదని అప్పుడే బయటపడింది.

ఆ వానాకాలం ఝరాసంగంలో ఒక పెళ్లికి వెళ్లి భాగీరథి, రామ్‌కిషన్, ఇంద్రసేన మధ్యాహ్నం బస్సులో తిరిగొస్తున్నారు. పైన ఎక్కడో కురిసిన వానకు వాగు పొంగింది. దాని మీది ఎత్తు తక్కువ వంతెన మునిగిపోయింది. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి. డ్రైవరు ఇంజను ఆపలేదు. నిరుడు ఇంతకంటే ఎక్కువ నీళ్లలో దాటించానన్నాడు. వెనకనుంచి ఎవరో పోనీ పోనీ అన్నారు. బస్సు ముందు చక్రాలు నీళ్లలో దిగాయి.

భాగీరథి కిటికీలోంచి చూసింది. వంతెన అంచున పాతిన రాళ్లు ఒక్కటీ కనిపించడం లేదు. ఇంద్రసేన వైపు చూసింది. ఊరంతటినీ వణికించే ఆ మనిషి ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి, మాట రాక కూర్చున్నాడు.

ఆమె లేచి నిలబడింది. "ఆపుర్రి. నేను దిగుత."

ఆమె జర భయస్తురాలు, మీరు పోనియ్యండని రామ్‌కిషన్ డ్రైవరుకు సర్దిచెప్పబోయాడు.

"నా మాట నేను చెప్త" అంది భాగీరథి. ఆ గొంతు బస్సు చివరిదాకా వినిపించింది. "రాళ్లు కనపడ్డంక దాటుదాం. అప్పటిదాంక నేనీ బస్సుల కూసోను."

డ్రైవరు బ్రేకు నొక్కగానే నీళ్లలోకే దిగింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఒడ్డుకు నడిచింది. వెనక ఒక ముసలమ్మ దిగింది. పిల్లను ఎత్తుకుని ఇంకొకామె దిగింది. రామ్‌కిషన్ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నీళ్లలో పెట్టి కాసేపు ఊగి, తనూ దిగాడు. సగం బస్సు ఖాళీ అయ్యాక డ్రైవరు తిట్టుకుంటూ బండిని వెనక్కి తీశాడు. ఇంద్రసేనను మాత్రం ఇద్దరు దించవలసి వచ్చింది. కమ్మీ మీద వేళ్లు ఒక్కొక్కటిగా విప్పారు.

అందరూ ఒడ్డున అప్పుడే మొదలైన వానలో తడుస్తూ ఆమెను తలా ఒక మాట అంటుండగానే, పైనుంచి వేళ్లతో సహా ఒక చింతచెట్టు కొట్టుకొచ్చి వంతెనకు తగిలింది. నేల అదిరింది. చెట్టు పోయిన తర్వాత చూస్తే వంతెన నడుమ నీళ్లు గుంటలోకి దూకుతున్నాయి. అక్కడ రోడ్డు లేదు. డ్రైవరు బురదలో చతికిలబడ్డాడు. భాగీరథికి అప్పుడు పట్టుకుంది వణుకు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. రామ్‌కిషన్ ఏమీ మాట్లాడకుండా తన తువ్వాలు ఆమె భుజాల మీద కప్పాడు.

తడిసినందుకు ఇంద్రసేనకు జ్వరం వచ్చింది. భాగీరథి జావ కాచి తీసుకెళ్లింది. గిన్నె మోస్తూ వెనకే రామ్‌కిషన్ వచ్చాడు. ఇంద్రసేన ముసుగుతన్ని పడుకున్నాడు. దేవమ్మ వాళ్లను కూర్చోబెట్టి, మంచం వైపు ఒకసారి చూసి, మెల్లగా సంగతి చెప్పింది.

"నువ్వు కొత్తగ వచ్చిన దినం బస్టాండుల ఈయన నీ పేరడిగిండంట. మీ ఆయన చెప్పిండు. ఏ ఊరని అడిగితే గది కూడ మీ ఆయననే చెప్పిండు. ఇంటికొచ్చి అన్నం తినలే. ఆ పిల్ల గొంతెట్లుంటదో తెల్వలేదు, జర చాయ్‌కి పిలువుమన్నడు."

తారాబాయిని, సంగయ్యను పిలిచిందీ అందుకేనట. కొడుకులు తారాబాయిని కూరలో ఉప్పు సంగతి కూడా అడగరు. సేఠు ముందు సంగయ్య తల ఊపడమే తప్ప నోరు విప్పి ఎరగడు. మాటకారులు ఎందరో వస్తామన్నా ఇంద్రసేన రానివ్వలేదట.

"నెలల కొద్ది ఆ తలుపు కాడ్నే నిలబెట్టినవు, వంతు ఇంకొకలకు ఇయ్యరాదా అని నేనే కొట్లాడిన. 'ఆ పిల్లను చెప్పనియ్యి, తొందరేమున్నది, దయ్యం యాడికి పోతది' అన్నడు."

భాగీరథి తలవంచుకుంది. రామ్‌కిషన్ గిన్నె మూతను అటూ ఇటూ తిప్పాడు. ఉన్నట్టుండి మంచం మీది నుంచి పెద్ద గురక వినిపించింది.

రామ్‌కిషన్ లేచాడు. కాకకు నిద్రపట్టింది, మళ్లీ వద్దామని గుసగుసగా అన్నాడు.

"కూసో నాయనా" అంది దేవమ్మ. "ఆయన గురక గిట్లుండదు."

గురక ఆగింది. దుప్పటి కింద ఏదో కదిలింది. భాగీరథికి నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలున్న మనిషి ఇంకాస్త గట్టిగా గురకపెట్టాడు.