నష్టం కనబడని చేను

అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి మా మామకు తుపాకీ లైసెన్సు ఉంది. దాని రెన్యువల్ కోసం ఈ రోజు ఒక అధికారి ఝరాసంగం దగ్గర ఉన్న మా చేను చూడటానికి వచ్చారు. ఆలుగడ్డ సాళ్ల మధ్య అంతా తిరిగారు. పందులు తవ్విన గుంత ఒక్కటీ కనబడలేదు.

"నష్టమే లేదు గదా పెద్దాయనా, ఇగ తుపాకి దేనికి?" అన్నారు.

"తుపాకి ఉండవట్టే నష్టం లేదు సార్," అన్నాడు మామ.

"అది నాకు ఎరుకనే. గని నష్టం కనవడితెనే నేను రాసేది. వచ్చే వారం మల్ల వస్త."

సాయంత్రం మామ చాలాసేపు చేను చుట్టూ తిరిగాడు. చివరికి గట్టు పక్కనున్న సాళ్లు చూపించి, ఈ రాత్రి అటువైపు కాపలా వద్దన్నాడు.

లైసెన్సు నిలవాలంటే ఎంత పంట పోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. అంతకు మించి పందులకు పెట్టడం మామకు ఇష్టం లేదు.