నైవేద్యానికి ముందే పానకం

నిన్న సత్సంగంలో పానకం కలుపుతుంటే, ఆ మిరియాల ఘాటుకు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పాత ఇంటి గేటు గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. కోస్తా నుంచి వచ్చిన అమ్మ, ర్యాలీ వస్తోందంటే గేటుకు తాళం వేసేది. ఆ శ్రీరామనవమి ఉదయం టీవీ వార్తల్లో నా ఈడు పాప ఒకతి ర్యాలీలో నడిచేవాళ్లకు నీళ్లు అందిస్తోంది. అది పిల్లలందరూ చేయాల్సిన పని కాబోలనుకున్నాను. మా వీధిలోకి ర్యాలీ రాగానే పూజగదిలోని పానకం బిందె ఈడ్చుకెళ్లి, గేటు కమ్మీల మధ్య నుంచి గ్లాసులు అందించాను.

అమ్మ వచ్చేసరికి బిందె ఖాళీ. ఆమె ముఖం పాలిపోయింది.

"దేవుడికి పెట్టకుండానే పంచేశావా? అదీ వీళ్లకా?"

"టీవీలో పాప ఇచ్చింది కదమ్మా."

గేటవతల గులాబీ కండువా వేసుకున్నాయన, నోటిదాకా తెచ్చిన గ్లాసు దించేశాడు.

"నైవేద్యం కాలేదా చెల్లె? మాకెట్ల ఎరుక? గిది ఎంగిలి కాలే, రామునికి పెట్టు."

అమ్మ ఆ గ్లాసు రాముడి ముందు పెట్టి హారతిచ్చింది. తిరిగొచ్చి గేటు తాళం తీసింది.

"ప్రసాదం, తాగండి అన్నయ్యా" అంది.

రాముడు ఆ రోజు మొదటి గ్లాసు గేటు దగ్గరే తాగాడని నా నమ్మకం.