సర్వర్ బీ సమాధి రాయి

కోరుట్లలో దర్జీ నిజాముద్దీన్‌కు కత్తెర కంటే చెవి పదును. జగిత్యాల ముషాయిరాల్లో, ఉర్దూ కవిసమ్మేళనాల్లో చదవబోయే కుర్రకవులు ముందు ఆయనకు వినిపించి తమ షేర్లు, అంటే రెండు పాదాల పద్యాలు, దిద్దించుకునేవారు. కుట్టుమిషను బల్ల మీద వేలితో దరువేస్తూ, ఎక్కడ నడక తప్పినా మొహం మీదే చెప్పేవాడు. మహా మొండిమనిషి.

భార్య సర్వర్ బీ పోయినప్పుడు సమాధి రాయి మీద చెక్కించడానికి తానే రెండు పాదాలు కట్టాడు.

"ఘర్ కి వో రోశనీ సో గయీ ఖాక్ మే,
ఫూల్ సర్వర్ బి యూ బో గయీ ఖాక్ మే."

ఇంటి వెలుగు మట్టిలో నిద్రపోయింది, సర్వర్ బీ మట్టిలో పూలు నాటి పోయింది అని. 'సో'కు 'బో' ప్రాస. ఆపైన 'గయీ ఖాక్ మే' రెండు పాదాల్లోనూ ఒకటే. గురువు, లఘువు, గురువు, మళ్లీ అదే, అదీ నడక. 'ఖాక్' చివరి పొల్లు కూడా ఉర్దూలో లఘువు కిందే లెక్క. చిక్కల్లా పేరుతోనే. అది మూడూ గురువులే, ఆ నడకలో మూడు గురువులు వరసగా రావు. చివరి 'బీ'ని 'బి' అని పొట్టి చేస్తేనే ఇముడుతుంది. కవులందరూ చేసే పనే.

"బతికున్నన్ని దినాలు నా ముంగట తగ్గే ఉన్నది. రాయి మీద గూడ తగ్గించాల్నా?" అని నిజాముద్దీన్ ఒప్పుకోలేదు.

పేరు నిలబెడితే ప్రాస చెడింది, ప్రాస నిలబెడితే అర్థం చెడింది. సిరిసిల్లలో ఉండే కూతురు అతియా "ఉత్త పేరు రాపియ్యుండ్రి అబ్బా" అని తండ్రితో మొత్తుకుంది. వింటేనా! రాయి లేకుండా ఏ మొహం పెట్టుకుని పోవాలని అందరూ తమవాళ్ల సమాధుల దగ్గర ప్రార్థించే షబే బరాత్ రాత్రి కూడా కబరస్తాన్ వైపు వెళ్లలేదు. అలా ఏళ్లు గడిచాయి.

చివరికి అలసిపోయి 'బి'కే సరేనన్నాడు. రాయి చెక్కిన ఎల్లన్నను వెంటబెట్టుకుని ట్రాలీ ఆటోలో కబరస్తాన్‌కు వెళ్లాడు. వానలకు పాత మట్టికుప్పలన్నీ అణిగిపోయాయి. వాటి మధ్య కొత్తవి లేచాయి.

"ఏడ పెట్టాలె చాచా?" అన్నాడు ఎల్లన్న.

నిజాముద్దీన్ ఇటు చూపించాడు, అటు చూపించాడు. ఆమె ఎక్కడుందో ఆయనకే తెలియలేదు.

అంతలో అతియా ఫోన్ చేసింది. ఆడవాళ్లు కబరస్తాన్‌లో అడుగుపెట్టని కుటుంబం వాళ్లది.

"రాయి పెట్టిండ్రా అబ్బా? నేనెట్లాగూ చూడలేను. ఒక్క ఫోటో పంపుండ్రి."

"పెట్టిన" అన్నాడు.

ఎవరిదో తెలియని మట్టి మీద రాయి నిలబెట్టించి, ఫోటో తీసి పంపాడు. పరాయివాళ్ల సమాధి కదా, వెంటనే రాయిని మళ్లీ ఆటో ఎక్కించాడు.

జవాబు వచ్చింది. "మంచిగున్నది అబ్బా. అమ్మికి దువా చేసి రాండ్రి."

ఏ మట్టి ముందు నిలబడి దువా చెయ్యాలో తెలియక నిజాముద్దీన్ వెక్కివెక్కి ఏడ్చాడు.