బొమ్మకు కట్టిన మూడు బెల్టులు

ఆసుపత్రుల్లో అందరూ ఆమెను తూకాలక్క అనే పిలిచేవారు. పసిపిల్లలను తూచే యంత్రాలు బాగుచేయడం పన్నెండేళ్లుగా ఆమె పని. స్క్రూడ్రైవర్ల సంచీతో వార్డులో అడుగుపెడితే చాలు, నర్సులు యంత్రాలతో పాటు తమ గోడు కూడా తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. హాయిగా సాగిపోతున్న బతుకు. కూర్చున్న కొమ్మను నరుక్కోమని ఎవరు చెప్పారో గానీ, ఒకరోజు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

ఆరోజు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదిలో పెద్ద నర్సు ఒక్కో తొట్టె దగ్గర ఆగి, పసిపొట్ట మీద రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెడుతోంది. అలాంటి పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మరచిపోతారట. అరికాలి మీద చిటికె వేస్తే మళ్లీ గుర్తొస్తుందట. పద్దెనిమిది తొట్టెలకు ఇద్దరే నర్సులు. చివరి తొట్టె దగ్గరున్నప్పుడు మొదటి తొట్టెలో ఏం జరిగినా వాళ్లకు తెలియదు. పొట్టకు మెత్తటి బెల్టు కట్టి, ఊపిరి ఆగగానే అది మోగేలా చేస్తే? తూకం యంత్రంలో బరువును పసిగట్టే ముక్కే ఇక్కడా పనికొస్తుందని తూకాలక్కకు తట్టింది.

కంప్యూటర్ ఉద్యోగం చేసే మరిది ఆ మాట విని, మర్నాడే రాజీనామా ఇచ్చి వచ్చాడు. కంపెనీ పెట్టేద్దాం వదినా, అన్నాడు. అత్తగారు మాత్రం, తన కొడుకులిద్దరినీ ఏ బెల్టు చూసి పెంచానో చెప్పమని అడిగింది. 

ఆ తర్వాత రెండేళ్లలో తూకాలక్క తల ప్రాణం తోకకొచ్చింది. అనుమతుల ఆఫీసులో ఇది బట్టా, బొమ్మా, పరికరమా అన్నారు. పరికరమంటే పై అంతస్తుకు పొమ్మన్నారు. పై అంతస్తువాళ్లు, పొట్టకు కట్టేది బట్టే కదా అని కిందికి పంపారు. పెట్టుబడి పెడతానన్న పెద్దమనిషి గంటసేపు తలాడిస్తూ విని, ఇదే బెల్టు కుక్కలకూ సరిపోతుందా అని అడిగాడు. సరిపోదని చెప్పి, మెట్లు దిగుతూ ఆమె తిట్టిన తిట్లు మరిది ఇప్పటికీ మరచిపోలేదు.

బెల్టును పరీక్షించడానికి దొరికింది ఒక్కడే, ఆమె చెల్లెలి కొడుకు. వాడు నిద్రపోతున్నప్పుడు మాత్రమే కట్టాలని చెల్లెలు షరతు పెట్టింది. వాడా, కుంభకర్ణుడికి తమ్ముడు. ఎనిమిది వారాలు కట్టినా బెల్టు ఒక్క తప్పు చేయలేదు. వదినా మరిదీ మురిసిపోయారు. ఆ మురిపెమే వాళ్ల కొంప ముంచింది.

ఎట్టకేలకు ఆ పద్దెనిమిది తొట్టెల వార్డున్న ఆసుపత్రి పెద్ద డాక్టరు ఒప్పుకుని, వాళ్లు తయారుచేసిన మూడు బెల్టులూ మూడు వారాలు నడవాలని వార్డుకు ఆర్డరు వేశాడు. చివర్లో పెద్ద నర్సు బాగుందని రాస్తే కంపెనీ నిలుస్తుంది. లేదంటే మరిది మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి, తూకాలక్క మళ్లీ సంచీ భుజాన వేసుకోవాలి. బెల్టు సంగతి అక్కడితో సరి.

మొదటి రోజే బెల్టులు మోగాయి. ఎంతలా అంటే, ఆగితే వింత అన్నంతగా. పిల్ల కదిలినా మోత, పాలు తాగినా మోత. మరిది ఏవేవో సరిచేశాడు, మోత పెరిగింది. రెండో వారం మధ్యలో ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. బెల్టులు ఫోనుకు పంపే మూడు ఊపిరి గీతలూ ముత్యాల వరుసల్లా సాగుతున్నాయి. మరిది కుర్చీలోంచి లేచి గంతులేశాడు. తూకాలక్క మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని గంటసేపు ఆ గీతలనే చూసింది. ఒక్క తుమ్ము లేదు, ఎక్కిళ్లు లేవు. ముగ్గురు పిల్లలూ డ్రిల్లు చేస్తున్నట్టు ఒకే లెక్కన ఊపిరి తీస్తున్నారు. అనుమానంతో వార్డుకు పరుగెత్తింది.

నర్సులకు పాఠం చెప్పడానికి వార్డు మూలన ఒక రబ్బరు పాపాయి ఉంటుంది. గాలి పంపు తగిలిస్తే దాని పొట్ట లేచి పడుతుంది. చంక నుంచి బొడ్డు దాకా మూడు బెల్టులూ కట్టుకుని ఆ బొమ్మ రాజాలా పడుకుని ఉంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. తూకాలక్కకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల కష్టాన్ని బొమ్మకు కడతారా అని అడిగింది.

పెద్ద నర్సు తొట్టె దగ్గర నుంచి కదల్లేదు. రెండు వేళ్లు పసిపొట్ట మీదే ఉన్నాయి. లెక్క పూర్తయ్యాక అంది: "బెల్టులు నడవాలన్నారు, నడిపిస్తున్నాం. ఇది మోగిన ప్రతిసారీ పరిగెత్తితే, మోగని పిల్ల దగ్గరికి ఎవరెళ్తారక్కా?"

తూకాలక్క బొమ్మకున్న బెల్టులు విప్పడం మొదలుపెట్టింది.

"ఏడిస్తే మోగుతోంది నీ బెల్టు. ఏడుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే కదా. ఏడ్చి ఏడ్చి గబుక్కున ఆగిన పిల్లంటేనే నాకు భయం."

తూకాలక్కకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నిద్రపోయే పిల్లాడిని చూసి బెల్టు నేర్చుకుంది. ఏడుపు దానికి తెలియనే తెలియదు. పిల్లలంటే పడుకునేవాళ్లే అనుకుని ఇద్దరు తెలివైనవాళ్లు రెండేళ్లు పని చేశారు.

పెద్ద నర్సు కాగితం మీద ఏమీ రాయలేదు. మంచీ రాయలేదు, చెడూ రాయలేదు. తర్వాత మూడు నెలలు తూకాలక్కా మరిదీ ఆ వార్డులోనే కూర్చున్నారు. తల్లుల అనుమతితో ఏడ్చే పిల్లలకు, పాలు తాగే పిల్లలకు, ఎక్కిళ్ల పిల్లలకు బెల్టు కట్టి రాసుకున్నారు. ఇంటికెళ్లినా చెవుల్లో ఏడుపే వినిపిస్తోందని మరిది గొణిగాడు. అందుకే కదా వచ్చాం, నోరు మూసుకుని రాయమంది వదిన.

చివరికి పెద్ద నర్సు ఒక్క బెల్టుకు ఒప్పుకుంది, నాలుగో తొట్టెలోని అందరికంటే చిన్న పిల్లకు. మధ్యాహ్నం ఆ పిల్ల గంటసేపు గుక్కపెట్టి ఏడ్చింది. బెల్టు కిక్కురుమనలేదు. పాడైపోయిందేమోనని తూకాలక్క మూడుసార్లు లేచి చూసింది. ఏడుపు ఆగింది. అంతా మామూలే అనుకునేసరికి బెల్టు మోగింది.

టీ గ్లాసు బల్ల మీద ఒరిగేలోపే పెద్ద నర్సు తొట్టె దగ్గరుంది. అరికాలి మీద ఒక చిటికె. ఏమీ లేదు. ఇంకో చిటికె. పిల్ల ఒళ్లు విరుచుకుని కేరుమంది, మోత ఆగింది. పెద్ద నర్సు రెండు వేళ్లు పొట్ట మీద పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టింది.

"ఈ కొక్కెం విప్పాలంటే రెండు చేతులూ కావాలి, మార్చు," అంది. "మిగతా పదిహేడూ ఎప్పుడు తెస్తావు?"

ఇంకా కొక్కెం ఒకటా అని తూకాలక్కకు విసుగు ముంచుకొచ్చింది. రాసుకుందామని పెన్ను తీసింది గానీ నీళ్లు నిండి కళ్లు కనిపించడం లేదు. నాలుగో తొట్టెలో పిల్ల ఏడుస్తూనే ఉంది.