రాకెట్టు కంపెనీలో నాయన వాటా

ఆ మధ్యాహ్నం నాయన నేను పనిచేసే ఆసుపత్రికి వచ్చాడు. నేను బిల్లులు కట్టించుకునే కౌంటరు ముందు అందరితోపాటు వరసలో నిలబడి, తన వంతు రాగానే కిటికీలోకి వంగాడు.

"పాపా, బ్యాంకులో డిపాజిట్టు తీసేయాల. నువ్వొకసారి నాతో రా."

"అమ్మకేమైనా అయిందా నాయనా?"

"మీ అమ్మకేం, అనపకాయలు వలిచి గింజలు తీస్తా ఉండాది. షేర్లు కొందామని."

నాయన ప్రభుత్వ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి అప్పు తీరగా చెప్పుకోదగ్గట్టు చేతిలో మిగిలింది ఆ డిపాజిట్టు ఒక్కటే. దాని వడ్డీతోనే అమ్మకూ తనకూ మందులు వచ్చేవి. అలాంటిది, పక్కింటి మామ మాట విని మొత్తం తీసి ఒకే కంపెనీలో పెడతానంటున్నాడు. ఆ కంపెనీ నాయుడుపేట దగ్గర ఉంది. రాకెట్లలో బిగించే చిన్న చిన్న లోహపు భాగాలు చేస్తుంది. మామ అప్పటికే తన డబ్బంతా అందులో పెట్టి, రోజూ పొద్దున్నే ఫోను చూసుకుని మురిసిపోతున్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. "చిన్న కంపెనీ నాయనా. ఒక్క ఆర్డరు తప్పిపోయినా షేరు సగానికి పడిపోతుంది. మళ్ళీ సంపాదించుకునే వయసా నీది?" అన్నాను.

చివరి మాట ఆయనకు గుచ్చుకుంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ చేతిలోని అనపకాయ పక్కన పెట్టింది.

"ఆ కంపెనీ యాడుండాది?"

"నాయుడుపేట కాడ."

"నువ్వు సూసినావా?"

"లే."

"పోయి సూసొద్దాం పా. దోసకాయ కొనాలన్నా గిల్లి సూస్తావే నువ్వు."

నా సెలవు రోజున ముగ్గురం బస్సెక్కాం. డ్రైవరు నాయనను గుర్తుపట్టి, "అన్నా, ముందుకి రా" అని పిలిచి ముందు సీటు ఇప్పించాడు. దారి పొడవునా నాయన అతనికి గేర్ల గురించి చెబుతూనే ఉన్నాడు. మేము వెనక కూర్చుని జామకాయలు తిన్నాం. షేర్ల గొడవతో ముభావంగా మొదలైన ప్రయాణం కాళహస్తి దాటేసరికి తీర్థయాత్రలా మారిపోయింది.

నాయుడుపేటలో ఆటో మాట్లాడుకుని కంపెనీ దగ్గరికి వెళ్ళాం. రేకుల షెడ్డు, నీలం రంగు గేటు, ముందు రెండు వేప మొక్కలు. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. అంతలో భోజనానికి బయటికొచ్చిన ఒకమ్మాయి మమ్మల్ని చూసి ఆగింది. లోపల ఇంజనీరట. నాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. "అమ్మా, నా డబ్బంతా మీ కంపెనీలో పెడదామనుకుంటా ఉండాను. పెట్టచ్చా?"

ఆ అమ్మాయి కంగారుపడింది. "అయ్యా, షేరు పెరుగుతుందో తగ్గుతుందో నేను చెప్పకూడదు, నాకు తెలీదు కూడా. పని మాత్రం మంచిగా చేస్తామయ్యా. మా అమ్మకు చెప్పినట్టు చెబుతున్నా, అంతా తెచ్చి ఒకే చోట పెట్టొద్దు." అని తన సీసాలోని నీళ్ళు అమ్మకు ఇచ్చింది. "భోంచేశారా?" అని కూడా అడిగింది. నాయన గేటు సందులోంచి లోపలికి తొంగిచూస్తూ నిలబడ్డాడు. అక్కడ ఎవరో తళతళలాడే ఒక లోహపు రింగును గుడ్డతో తుడుస్తున్నారు. పిలిచినా ఆయన వెంటనే కదల్లేదు.

తిరిగి నాయుడుపేట బస్టాండు దగ్గరికొచ్చి టీ తాగుతుంటే అమ్మ అడిగింది. "నిజం సెప్పు. నీకు అంత డబ్బు ఎందుకు?"

"డబ్బు కోసమే కాదు మే," అన్నాడు నాయన. "సర్వీసంతా ఈ రోడ్డులోనే బండి తోలినా. రాకెట్టు లేసినప్పుడల్లా బండి పక్కన ఆపి, అందర్నీ దించి సూపించినా. టైముకి పోలేదని మెమోలు గూడా తిన్నా. ఎప్పుడూ దూరం నుంచి సూసేవాణ్ణే. ఆ రాకెట్టులో రవ్వంత నాది గూడా ఉండాదిలే అనుకోవాలని."

ఈ మాట ఆయన ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు.

అమ్మ ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. "అట్లయితే రవ్వంతే పెట్టు. పోయిందని నాతో సెప్పేదానికి నువ్వు భయపడేంత పెట్టొద్దు. అంతా పెడితే ఇంక రాకెట్టు సూడవు, ఫోనే సూస్తావు."

నాయన నవ్వాడు. ఆ లెక్క ప్రకారమే డిపాజిట్టు జోలికి పోకుండా, సర్వీసులో ఉండగా పండగ బోనసుల్లోంచి విడిగా దాచుకున్న చిన్న మొత్తంతో షేర్లు కొన్నాడు. ఫోనులో వాటిని ఎలా చూడాలో నేనే నేర్పించాను.

మొదట్లో షేరు పెరిగింది. పెరిగినప్పుడల్లా ఇంటికి బజ్జీలు వచ్చేవి. ఆ తర్వాత కంపెనీకి రావాల్సిన ఆర్డరు ఏదో వెనక్కి పోయిందన్నారు. షేరు పడటం మొదలై, చూస్తుండగానే సగానికన్నా కిందికి దిగింది. నాయన అన్నం ముందు కూర్చుని, తలెత్తి అమ్మతో చెప్పాడు. "మే, మన షేరు పడిపోయింది." అమ్మ "సరేలే, తిను" అని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

పక్కింటి మామ మాత్రం వాకింగు మానేశాడు, తలుపు తీయడం మానేశాడు. మేడ మీద గది కట్టాలనుకున్న డబ్బు ఆయనది. నాయన రోజూ సాయంత్రం వెళ్ళి తలుపు కొట్టేవాడు. "అబ్బా, నాకొక్కడికే తోచలే, రా" అని బతిమాలి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఇద్దరూ యూనివర్సిటీ రోడ్డు చివరిదాకా నడిచి వచ్చేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళో తెలీదు. మామ మళ్ళీ మా ఇంటికొచ్చి అమ్మ చేసిన రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి తిని, ఉప్పు తక్కువైందని అన్న రోజున మాకందరికీ ఊపిరి వచ్చినట్టయింది.

ఆ షేర్లు ఇప్పటికీ కొన్న ధరకు రాలేదు. నాయన వాటిని అమ్మలేదు, ఇకముందూ అమ్మడు.

పోయిన నెల డిపాజిట్టు గడువు తీరితే, తిరిగి వేయడానికి బ్యాంకుకు వెళ్ళాం. అన్నాళ్ళూ అది నాయన ఒక్కడి పేరునే ఉండేది. ఈసారి ఆయనే కౌంటరు ముందు, "నా ఒక్కడి పేరు వద్దు సార్. మా ఇంటామె పేరు ముందు రాయండి, నాది తర్వాత" అన్నాడు. అమ్మ బిత్తరపోయి నా వైపు చూసింది. ఆమె బ్యాంకులో సంతకం పెట్టడం అదే మొదటిసారి. కళ్ళద్దాలు సరిచేసుకుని, నాలుక పంటికింద పెట్టి, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా రాసింది. ఆమె చేతిసంచి తన భుజానికి తగిలించుకుని, నాయన ఆ పక్కనే నిలబడి చూస్తున్నాడు.